మన్యం ప్రేమకథ - మన సినిమా

తెలుగు సినిమాలో అరకులోయ కనిపించడం కొత్త విషయం కాదు. అనంతగిరి ఘాటు మలుపులు, వలిసెపూల పసుపు, సొరంగంలోంచి బయటపడే రైలు, కొండ భుజాన వాలిన మంచు - వీటి నడుమ ఎన్నో జంటలు పాటలు పాడుకున్నాయి. ఆ జంటలు మద్రాసు నుంచో హైదరాబాదు నుంచో వచ్చి, రెండు మూడు రోజులు విడిది చేసి, పాట ముగించుకుని వెళ్ళిపోయాయి. కొన్ని పాటల్లో ఆ జంట వెనక, ఒకరి నడుము వెనకగా మరొకరు చేతులు కలిపి, వలయంగా థింసా ఆడే స్త్రీలు కూడా కనిపిస్తారు. చరణం పూర్తయ్యేసరికి వాళ్ళు ఉండరు. ఎక్కడికి వెళ్ళారో కథకు అక్కర్లేదు.

కొంతకాలం కిందట తొమ్మిదో తరగతి పిల్లలకు ‘నేను చూసిన సినిమా’ అని వ్యాసం ఇచ్చాను. మన్యం నుంచి వచ్చి వసతిగృహంలో ఉండి చదువుకుంటున్న ఒక కుర్రవాడు అర పేజీ రాశాడు. “మా పిన్ని ఆ పాటలో ఆడింది. కనిపిస్తుందేమోనని చూశాను. పాట అయిపోయింది” అన్నది అందులోని సారాంశం. నేను వ్యాకరణ దోషాలు దిద్ది మార్కులు వేశాను. ఆ మూడు వాక్యాలు సినీ విమర్శ అని నాకు తట్టడానికి చాలా రోజులు పట్టింది.

ఆ కుర్రవాడి మాటలనుంచే ఈ వ్యాసంలోని ప్రశ్న పుట్టింది. ప్రేమకథలకు ఇంత ఆకలిగా ఉండే మన సినిమా, అరకు కొండల్లో పుట్టి పెరిగిన ఒక పదిహేడేళ్ళ కుర్రవాడూ ఒక పదహారేళ్ళ పిల్లా ఒకరినొకరు ఇష్టపడే కథను, వాళ్ళే నాయికా నాయకులుగా, జనం గుర్తుపెట్టుకునేటట్లు ఎందుకు చెప్పలేకపోయింది? ఇది కేవలం సినిమావాళ్ళను నిలదీసే ప్రశ్న కాదు. సినిమాకు కథలందించే రచయితలు, కథల్ని తూచే విమర్శకులు, పాఠాలు చెప్పే మాబోటి ఉపాధ్యాయులు - అందరూ జవాబు చెప్పవలసిన ప్రశ్న.

1. రక్షకుడు, పిల్ల, గుంపు

మన్యాన్ని తెరమీద గంభీరంగా నిలబెట్టిన ఘనత 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’ది. చింతపల్లి ప్రాంతపు అడవుల్లో చాలాభాగం చిత్రీకరించిన ఆ సినిమా తెలుగులో తొలి సినిమాస్కోపు చిత్రం. అడవి చట్టాలు, రోడ్ల పనికి వెట్టి, ముఠాదారుల అసంతృప్తి - 1922-24 నాటి తిరుగుబాటుకు కారణమైన ఈ బాధలు సామాన్య ప్రేక్షకుడి దాకా వెళ్ళడానికి ఆ సినిమా తోడ్పడింది. సీతారామరాజు మైదానం నుంచి కొండెక్కిన మనిషి కావడం చారిత్రక సత్యం. కనుక కథకు కేంద్రం ఆయనే కావడంలో తప్పులేదు. ఆయన పక్కన నిలిచి పోరాడిన గాం గంటందొర, మల్లుదొర మన్యం మనుషులే.

తప్పు ఆ తర్వాత మొదలైంది. చరిత్రలో ఒకసారి జరిగినదాన్ని వ్యాపార సినిమా శాశ్వత సూత్రంగా మార్చుకుంది. 1977లో వచ్చిన ‘అడవిరాముడు’ తమిళనాడులోని ముదుమలై అడవుల్లో తయారైంది. అటవీ శాఖాధికారి అయిన కథానాయకుడు అడవి బిడ్డల్ని దొంగరవాణాదారుల బారినుంచి కాపాడతాడు. ఆ సినిమా అఖండ విజయం సాధించింది. అడవి కథ అంటే ఇలా ఉండాలన్న అచ్చు దాంతో స్థిరపడింది. అచ్చులో మూడు గళ్ళున్నాయి. మొదటి గడిలో మైదానం నుంచి వచ్చిన రక్షకుడు. రెండో గడిలో అతన్ని చూడగానే మనసిచ్చే గూడెం పిల్ల. మూడో గడిలో గుంపు - ఈటెలు పట్టుకుని, ఈకలు పెట్టుకుని, ఏ తెగదో తెలియని భాష మాట్లాడే గుంపు.

ఇందులో రెండో గడి గురించి కొంచెం ఆగి ఆలోచించాలి. గూడెం పిల్లకు గూడెంలో ఒక్క కుర్రవాడూ నచ్చడు. ఒకవేళ బావో, వరసైనవాడో ఉంటే వాడు మొరటువాడైనా అవుతాడు, హాస్యగాడైనా అవుతాడు. ఆమె దుస్తులు కొండమీద ఏ తెగ స్త్రీ కట్టుకునే తీరులోనూ ఉండవు. దర్జీకి కొలతలిచ్చింది ప్రేక్షకుడి చూపు. ఆమె అమాయకురాలు, కట్టుబాట్లు లేనిది, అడిగితే కాదనలేనిది. ఈ బొమ్మ తెరకే పరిమితమై ఉంటే ఏదో కాలక్షేపమని వదిలేయవచ్చు. కాని కొండపిల్ల అందుబాటులో ఉండే పిల్ల అన్న భావన అటవీ గార్డుకూ, షావుకారుకూ, విహారానికి వచ్చే కుర్రకారుకూ, తుపాకి పట్టినవాడికీ ధైర్యమిచ్చే భావన. 2007 ఆగస్టులో విశాఖ మన్యంలోని వాకపల్లిలో పదకొండుమంది కోందు స్త్రీలు, గాలింపుకు వచ్చిన పోలీసు బలగాలు తమపై అత్యాచారం జరిపాయని చెప్పారు. పదహారేళ్ళ తర్వాత, 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక న్యాయస్థానం నిందితుల్ని నిర్దోషులుగా విడిచిపెట్టింది. అదే తీర్పులో దర్యాప్తు లోపాల్ని ఎత్తిచూపి ఆ స్త్రీలకు పరిహారం చెల్లించాలని కూడా చెప్పింది. సినిమా పాటకూ దీనికీ ముడి పెట్టడమేమిటని కొందరికి అనిపించవచ్చు. సినిమావల్లే ఇలా జరిగిందని నేననడం లేదు. ఒక సమూహంలోని ఆడపిల్లకు ఇష్టమూ అయిష్టమూ ఉంటాయని కథల్లో ఎన్నడూ చూపని సంస్కృతి, ఆమె ‘కాదు’ అన్నానని చెప్పినప్పుడు వినడానికి సిద్ధంగా ఉండదు. నేను చెప్పదలచింది అంతవరకే.

2. ప్రేమకథకు గోడ కావాలి

లేత వయసు ప్రేమకథను మనం తేలికరకం సాహిత్యంగా చూస్తాం. ఇది పొరపాటు. ఇద్దరు పిల్లలు కలవాలనుకుంటారు, ఏదో అడ్డు వస్తుంది. ఆ అడ్డు ఏమిటన్నదే అసలు కథ. పిల్లలకు ఆస్తి లేదు, అధికారం లేదు, లోకం పోకడ తెలియదు. అందుచేత వాళ్ళు నేరుగా వెళ్ళి గోడకు కొట్టుకుంటారు. పెద్దలు చూసీచూడనట్టు చుట్టుతిరిగి వెళ్ళే గోడ, పిల్లల తల తగిలినప్పుడు చప్పుడు చేస్తుంది. సమాజంలో గోడ ఎక్కడుందో తెలుసుకోవడానికి ఇంతకంటే సులువైన సాధనం కథకుడికి లేదు.

మన సినిమాలే చూడండి. బాలచందర్ 1978లో ‘మరో చరిత్ర’ తీశారు. విశాఖ సముద్రతీరంలో తమిళ కుర్రవాడు, తెలుగు పిల్ల. అక్కడ గోడ భాష, ఇరుగుపొరుగు సంసారాల పట్టింపు. 1981లో భారతీరాజా ‘సీతాకోకచిలుక’ తీశారు. బ్రాహ్మణ కుర్రవాడు, క్రైస్తవ బాలిక. అక్కడ గోడ మతం. చివర జంధ్యమూ శిలువా రెండూ పక్కకు తప్పుకుంటే తప్ప ఇద్దరూ ఒడ్డు దాటలేరు. ఆ రెండు సినిమాలూ నిలిచాయంటే కారణం పాటలొక్కటే కాదు, గోడను సరైన చోట గుర్తుపట్టాయి.

విశాఖ తీరం నుంచి అరకుకు నూటపదిహేను కిలోమీటర్ల దారి. ఆ దారి ఎక్కి వచ్చిన కెమేరా కొండమీద ప్రేమకథ తీయబోయినప్పుడల్లా మైదానంలోని గోడనే మూటకట్టి తెచ్చుకుంది. పరువు కోసం కూతుర్ని చంపబోయే గూడెం పెద్ద, కన్యాత్వం గురించి ఉపన్యాసాలు, తాళిబొట్టు మహిమ, నరబలి కోరే కొండదేవత - ఇవన్నీ మన భూస్వామ్య కుటుంబపు సామాన్లు. అరకు సంతలో దొరికేవి కావు. అయితే కొండమీద గోడలే లేవా? ఉన్నాయి. అవి ఎక్కడున్నాయో తెలుసుకోకుండా కథ రాయబోవడమే మన జబ్బు.

3. కొండమీది గోడలు

అరకు, పాడేరు ప్రాంతాల్లో బగత, కొండదొర, వాల్మీకి, కోటియా, గదబ, పోర్జా, కోందు, నూకదొర, కమ్మర మొదలైన తెగలున్నాయి. 2022 ఏప్రిల్ నుంచి ఈ ప్రాంతం పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. ఇక్కడి మనుషుల పేర్ల ముందు కిల్లో, కొర్రా, పాంగి, వంతల, గొల్లోరి అనే మాటలు వినబడతాయి. ఇవి మన ఇంటిపేర్లవంటివి అనుకుంటే సగమే నిజం. కిల్లో అంటే పులి, కొర్రా అంటే సూర్యుడు, పాంగి అంటే గద్ద, వంతల అంటే పాము, గొల్లోరి అంటే కోతి. ఒకే వంశం వాళ్ళు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. కిల్లో కుర్రవాడు కిల్లో పిల్లను కోరుకోకూడదు. వాళ్ళ ఊళ్ళ మధ్య నాలుగు కొండలున్నా, ముందెన్నడూ ముఖాలు చూసుకోకపోయినా సరే. సంతలో ఒక పిల్లను చూసి మనసుపడ్డ కుర్రవాడు మొట్టమొదట తెలుసుకోవలసింది ఆమె పేరు కాదు, వంశం. ఆ జవాబు కోసం ఎదురుచూసే ఒక్క నిమిషంలో ఎంత నాటకీయత ఉన్నదో కథకులు ఊహించుకోవచ్చు. ఆ నాటకీయతను వాడుకున్న సినిమా ఏదీ నాకు కనబడలేదు.

వంశాలు వేరైతే పెళ్ళికి దారులున్నాయి. పెద్దలు మాట్లాడుకుని చేసే పెళ్ళి ఉంది. ఓలి ఇవ్వలేని కుర్రవాడు మామ ఇంట్లో కొంతకాలం పనిచేసి పిల్లను తెచ్చుకునే పద్ధతి ఉంది. ఇద్దరూ ఇష్టపడి లేచిపోవడమూ ఒక పద్ధతే. ఆ తర్వాత కులపెద్దలు కూర్చుని, తప్పు కట్టించి, విందు తిని కలుపుకుంటారు. మైదానంలో కథకు చరమాంకమయ్యే లేచిపోవడం కొండమీద చాలాసార్లు బేరసారాలకు మొదలు. వితంతువు మళ్ళీ పెళ్ళాడటం, పొసగని పెళ్ళి విడిపోవడం అక్కడ వింతలు కావు. ‘ఊరు ఒప్పుకోదు కనుక చావే గతి’ అన్న మన విషాదసూత్రం అక్కడ యథాతథంగా చెల్లదు.

అంతమాత్రాన అది స్వర్గమని కీర్తించడం మరో అబద్ధం. అభ్యుదయ రచయితలు కూడా ఈ గుంటలో పడ్డారు. ఓలి ఇచ్చి తెచ్చుకున్న పిల్ల వెనక్కి పోవాలంటే ఆ సొమ్ము తిరిగి ఎవరివ్వాలన్న పేచీ ఉంది. తెగల మధ్య హెచ్చుతగ్గులున్నాయి. కొన్ని తెగలు వాల్మీకులతో కంచం పొత్తు పెట్టుకోవని మానవశాస్త్రజ్ఞులు ఎప్పుడో రాశారు. బగత కుర్రవాడూ వాల్మీకి పిల్లా ఇష్టపడితే ఏమవుతుందన్నది మైదానంలోని కులాంతర ప్రేమకు తీసిపోని ప్రశ్న. ఇక చిన్నవయసు పెళ్ళిళ్ళ మాట. ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి చదివే పిల్ల మనసులో ప్రేమా చదువూ రెండూ ఉంటాయి. లేచిపోతే చదువు ఆగుతుంది. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం, 2012 నాటి పోక్సో చట్టం పద్దెనిమిదేళ్ళ గీత గీశాయి. కులపెద్దలు తప్పు కట్టించుకుని ముగించిన వ్యవహారం పోలీసు స్టేషన్లో మళ్ళీ మొదలు కావచ్చు. పిల్లల్ని కాపాడటానికి వచ్చిన చట్టం ఒకవైపు, ఊరి కట్టుబాటు ఒకవైపు, మధ్యలో ఇద్దరు పిల్లలు. ఇందులో ఎవరూ దుర్మార్గులు కానక్కర్లేదు. మంచి నవలకు ఇంతకన్న ఏం కావాలి?

వీటన్నిటినీ మించిన గోడ ఒకటుంది. అది అప్పు, భూమి, అడవి. కుర్రవాడు ఓలి కూడబెట్టాలంటే పిప్పళ్ళో పసుపో చింతపండో కాఫీ గింజలో అమ్మాలి. వాటి ధర అతని చేతిలో లేదు. గిరిజన సహకార సంస్థ 1956లో ఏర్పడింది షావుకార్ల పట్టు సడలించడానికే. గిరిజనేతరుల చేతికి భూమి పోకుండా 1959 నాటి నిబంధనను 1970లో గట్టిపరచి ‘1/70’ చట్టం తెచ్చారు. బొర్రా పరిసరాల్లో, నిమ్మలపాడు ప్రాంతపు కాల్సైట్ గనుల కౌళ్ళ మీద నడిచిన వ్యాజ్యమే 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన ‘సమత’ తీర్పుకు దారితీసింది. అరకుకు పాటల బృందాల్ని మోసుకొచ్చే ఆ రైలుమార్గం కూడా ప్రేమికుల కోసం వేసింది కాదు. బైలదిల్లా ఇనుపఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960లలో వేసింది. మన సినిమా ఈ కొండల్ని ప్రకృతి అంటుంది. అక్కడి వాళ్ళకు అది పొలం, పత్రం, పేచీ, ఇల్లు.

4. జిలి కథ

ఈ గోడను సాహిత్యం ముందే చూసింది. మనకు ఎల్లకవతల, కోరాపుట్ కొండల్లో అధికారిగా పనిచేసిన గోపీనాథ మహంతి 1945లో ఒడియాలో ‘పరజా’ నవల ప్రచురించారు. అరకులోయలో మనం పోర్జాలని పిలిచే వారి బంధుజనమే ఈ పరజాలు. సుక్రుజాని అనే రైతుకు ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. పెద్దకూతురు జిలి, బాగ్లా అనే కుర్రవాడు ఒకరినొకరు ఇష్టపడతారు. నవల ఆరంభంలో ఇది పండుగలూ పాటలూ వెన్నెలా ఉన్న లేత ప్రేమకథ.

అటవీ గార్డు కన్ను జిలి మీద పడుతుంది. తండ్రి ఒప్పుకోడు. గార్డు పగబట్టి, అనుమతికి మించి చెట్లు కొట్టాడని కేసు పెట్టిస్తాడు. జుల్మానా కట్టడానికి సుక్రు షావుకారు దగ్గర అప్పుచేసి కొడుకుతోసహా ‘గోతి’ అవుతాడు, అంటే అప్పు కింద వెట్టి. మన విశాఖ మన్యంలో కూడా ఈ వెట్టికి అదే పేరు. మరో కొడుకు సారా కాచి పట్టుబడి అతనూ గోతి అవుతాడు. మగవాళ్ళందరూ వెట్టికి పోయిన ఇంట్లో పిల్లలిద్దరూ రోడ్డుపనికి వెళతారు. బాగ్లా మరో పిల్లను పెళ్ళాడతాడు. జిలి చివరకు షావుకారు ఇంటికి చేరుతుంది. నవల గొడ్డలి దెబ్బతో ముగుస్తుంది.

విద్యార్థులు ఇక్కడ ఒక నిర్మాణ విశేషం గమనించాలి. జిలినీ బాగ్లానూ విడదీసిన మనిషి ఎవరని వెతికితే ఒక్కడూ దొరకడు. గార్డు ఆమెను పొందలేదు. షావుకారు ఆమె కోసం ఈ పన్నాగమంతా పన్నలేదు. బాగ్లా ద్రోహి కూడా కాడు, ఆగలేకపోయిన కుర్రవాడు మాత్రమే. ఆ ప్రేమను తిన్నది వడ్డీ. ఇంట్లో మగదిక్కు, పొలం, మాట చెల్లుబాటు ఒక్కొక్కటే పోగా పిల్ల మనసు నిలబడటానికి నేల మిగల్లేదు. మహంతి ఇది వ్యాఖ్యానించి చెప్పడు, ఒక ఋతువు తర్వాత ఒక ఋతువు చూపిస్తాడు. ప్రేమకథకూ ఆర్థికకథకూ అతుకు కనపడకుండా రాయడం అంటే ఇది. మన ‘సందేశాత్మక’ కథల్లో ముందు ప్రేమ జరుగుతుంది, తర్వాత దోపిడి గురించి ఒక పాత్ర మాట్లాడుతుంది. రెండూ ఒకే సంఘటనగా కనబడవు.

5. రెండు దూరదేశపు సినిమాలు

నవలలో ఇది సాధ్యమే కాని సినిమాలో ఎలా అని అడిగేవారి కోసం ఆస్ట్రేలియా దాకా వెళ్ళాలి. అక్కడి ఆదివాసుల్లో ఒకడైన వారిక్ థార్న్‌టన్ 2009లో ‘శామ్సన్ అండ్ డిలైలా’ తీశాడు. అతని తొలి పూర్తినిడివి చిత్రం అది. కేన్స్ ఉత్సవంలో ఆ ఏటి ఉత్తమ తొలి చిత్రానికిచ్చే ‘కామెరా ద’ఓర్’ బహుమతి దానికే వచ్చింది. నాయికా నాయకులుగా నటించిన మరిస్సా గిబ్సన్, రోవన్ మెక్నమారా అంతకుముందు కెమేరా ఎదుట నిలబడి ఎరగని మధ్య ఆస్ట్రేలియా పిల్లలు.

ఎడారిలో ఒక చిన్న పల్లె. శామ్సన్‌కు పని లేదు, బడి లేదు. లేవగానే పెట్రోలు వాసన పీల్చి మత్తులో పడతాడు. అన్న వాద్యబృందం రోజంతా ఒకే పాట వాయిస్తూ ఉంటుంది. డిలైలా ముసలి అమ్మమ్మకు మందులిస్తూ, ఆమెను చక్రాల కుర్చీలో తిప్పుతూ, ఆమెతో కలిసి చుక్కల బొమ్మలు వేస్తూ ఉంటుంది. శామ్సన్ ఆమె మీద ఒక రాయి విసురుతాడు. తన పరుపు తెచ్చి కంచె మీదుగా ఆమె పెరట్లోకి గిరాటేస్తాడు. ఆమె దాన్ని తిరిగి బయటకు విసిరేస్తుంది. ప్రేమ ప్రకటన అంతే. ఇద్దరి మధ్యా మాటలు దాదాపు లేవు. శామ్సన్ సినిమా మొత్తంలో నోరువిప్పి పలికేది ఒక్క మాట, తన పేరు. అదికూడా నత్తిగా.

అమ్మమ్మ చనిపోతుంది. సరిగా చూసుకోలేదని పల్లెలోని ముసలమ్మలు డిలైలాను కొడతారు. ఇక్కడ దర్శకుడు సొంత సమాజాన్ని వెనకేసుకు రాలేదు. శామ్సన్ పల్లె కారు దొంగిలించి ఆమెను పట్నానికి తీసుకుపోతాడు. ఆలిస్ స్ప్రింగ్స్‌లో వంతెన కింద కాపురం. అక్కడ ఒక కళాప్రదర్శనశాల అద్దంలో డిలైలాకు అమ్మమ్మ వేసిన బొమ్మ కనపడుతుంది. దాని మీద ఉన్న ధర చూస్తుంది. పల్లెలో దళారి ఇచ్చినది వందల్లో, ఇక్కడ అమ్మేది వేలల్లో. ఆమె ఏమీ అనదు, ప్రేక్షకుడికి ఎవరూ వివరించరు. సంతలో గిరిజన స్త్రీ అమ్మిన పసుపు పట్నం అద్దాల దుకాణంలో ఏ ధర పలుకుతుందో తెలిసిన మనకు ఆ దృశ్యం కొత్తగా అనిపించదు. ఆ తర్వాత డిలైలాను కొందరు తెల్లకుర్రాళ్ళు కారులోకి లాక్కుపోతారు. రెండడుగుల ముందు నడుస్తున్న శామ్సన్ మత్తులో వెనక్కి తిరిగి చూడడు. కెమేరా ఆమె శరీరం మీద ఆగదు, తిరిగివచ్చిన ఆమె ముఖం మీద ఆగుతుంది. మన ‘గూడెం పిల్ల’ పాటల కెమేరాకూ ఈ కెమేరాకూ తేడా ఇక్కడే ఉంది.

చివరకు కాలికి కట్టుతో డిలైలా తిరిగివచ్చి, మత్తులో శిథిలమైన శామ్సన్‌ను తన పూర్వుల భూమికి తీసుకుపోతుంది. వేటాడుతుంది, వండుతుంది, అతనికి స్నానం చేయిస్తుంది, బొమ్మ వేయడానికి కూర్చుంటుంది. రక్షకుడు బయటనుంచి రాలేదు. రక్షించింది పిల్ల.

ఈ చిత్రం ఆకాశం నుంచి ఊడిపడలేదన్నది మనం నేర్చుకోవలసిన సంగతి. 1980లో ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఆదివాసుల సొంత ప్రసార సంస్థ ఒకటి పుట్టింది. దాన్ని స్థాపించిన వారిలో థార్న్‌టన్ తల్లి ఫ్రీడా గ్లిన్ ఒకరు. థార్న్‌టన్ అక్కడే కెమేరా పని నేర్చుకున్నాడు. ఒక మంచి సినిమా వెనక ముప్పై ఏళ్ళ సొంత రేడియో, సొంత భాష, సొంత శిక్షణ ఉన్నాయి. ప్రతిభ ఎక్కడైనా పుడుతుంది, నిలబడటానికి మాత్రం ఒక ఇల్లు కావాలి.

బయటివాళ్ళు తీయకూడదా అన్న ప్రశ్నకు మరో చిత్రం జవాబిస్తుంది. పసిఫిక్ సముద్రంలో వనువాతు దేశపు టన్నా దీవి కథతో 2015లో వచ్చిన ‘టన్నా’ దర్శకులు బెంట్లీ డీన్, మార్టిన్ బట్లర్ ఆస్ట్రేలియా తెల్లవాళ్ళు. యాకెల్ గ్రామంలో నెలల తరబడి ఉండి, ఆ గ్రామస్థులతోనే, వాళ్ళ భాషలోనే తీశారు. 1987లో అక్కడ నిజంగా జరిగిన ఘటన దానికి ఆధారం. శాంతి కోసం శత్రు తెగకు ఇవ్వజూపిన వావా అనే పిల్ల, తను ఇష్టపడ్డ డైన్‌తో వెళ్ళిపోతుంది. ఇద్దరూ ప్రాణాలు తీసుకుంటారు. ఆ దుఃఖం తర్వాత పెద్దలు తమ ఆచారంలోనే ఇష్టపడి చేసుకునే పెళ్ళికి చోటు కల్పిస్తారు. ఆచారం రాతిగోడ కాదు, మనుషులు కూర్చుని మాట్లాడుకుంటే మారేదని చూపడం ఆ చిత్రంలోని గొప్పతనం. మన సినిమాల్లో ఆచారాన్ని మార్చేది కథానాయకుడి పిడికిలి. అక్కడ మార్చింది ఊరి సభ.

6. ఎవరి భాషలో?

పై రెండు చిత్రాలకూ సమానమైన గుణం ఒకటే, ఆ పిల్లలు తమ భాషలో ప్రేమించుకున్నారు. మన తెరమీద కొండ మనిషి మాట్లాడే భాష ఎవరిది? కువి మాట్లాడే కోందు, గదబ, పోర్జా భాషలు, సంతలో అందరినీ కలిపే ఆదివాసీ ఒరియా, కొండదొరల తెలుగు - ఇన్ని ఉండగా సంభాషణల రచయిత క్రియాపదాల తోకలు కోసి, ‘దొరా’ చేర్చి ఒక భాష తయారుచేస్తాడు. పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేస్తూ సవర భాష నేర్చుకుని, సవరల పిల్లలకు సవరలోనే చదువు చెప్పించడానికి సొంత డబ్బుతో బళ్ళు నడిపిన గిడుగు రామమూర్తిగారి వారసులం మనం. వాడుకభాష కోసం ఆయన చేసిన పోరాటాన్ని ఏటా ఆగస్టు 29న పండుగ చేసుకుంటాం. ఆయన సవరలతో సవరలో మాట్లాడిన సంగతి మాత్రం మరచిపోతాం.

లోపలినుంచి రాసేవాళ్ళు లేరని ఇక అనలేం. జాతాపు సమాజం నుంచి వచ్చిన మల్లిపురం జగదీశ్ ‘శిలకోల’ కథలు ఉత్తరాంధ్ర కొండల జీవితాన్ని అక్కడి మనిషి చూపుతో తెలుగులోకి తెచ్చాయి. ఆశ్రమ పాఠశాలల్లో, కళాశాలల్లో చదివిన తరం చేతిలో కలమే కాదు, కెమేరా ఉన్న ఫోను కూడా ఉంది. వాళ్ళకు మనం కథలు చెప్పాల్సిన పని లేదు. పత్రికలో చోటు, సభలో వేదిక, సరైన విమర్శ ఇవ్వాల్సిన పని ఉంది. వాళ్ళ రచనను ‘గిరిజనుడు రాశాడు కనుక’ అని భుజం తట్టి పంపడం విమర్శ కాదు. మహంతిని ఏ కొలతతో చూస్తామో, థార్న్‌టన్‌ను ఏ కొలతతో చూస్తామో, అదే కొలత పట్టాలి.

మైదానం రచయిత మన్యం గురించి రాయకూడదని నేననను. మహంతి పరజా కాడు, ‘టన్నా’ దర్శకులు టన్నా వాళ్ళు కారు. కాని రాయబోయే మిత్రులు తమను తాము నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. నా కుర్రవాడిదీ పిల్లదీ ఏ తెగ, ఏ వంశం, ఏ భాష? వాళ్ళిద్దరూ రోజూ ఏం పనిచేస్తారు, దానికి ధర ఎవరు కడతారు? వాళ్ళకు అడ్డొచ్చిన గోడ ఆ కొండదా, నేను వెంట తెచ్చుకున్నదా? నా కథలోంచి మైదానం మనిషిని తీసేస్తే కథ నిలబడుతుందా? నాలుగో ప్రశ్న దగ్గర మన పాత సినిమాలన్నీ కూలిపోతాయి. మన కథల్లో ఎన్ని నిలబడతాయో ఎవరికి వారు చూసుకోవాలి.

చైత్రంలో అరకు ఊళ్ళల్లో ఇటికల పండుగ జరుగుతుంది. మగవాళ్ళు వేటకు పోతారు. ఆడవాళ్ళు దారికడ్డంగా నిలబడి వచ్చేపోయే వాళ్ళను ఆపి పండుగ డబ్బు వసూలు చేస్తారు. ఉత్తచేతులతో తిరిగొచ్చిన వేటగాడిమీద పేడనీళ్ళు కుమ్మరించి నవ్వుతారు. రాత్రి తుడుము, మోరి, కిరిడి మోగుతాయి, థింసా మొదలవుతుంది. వలయంలో ఆడే పిల్లల్లో ఒకర్తె, వాయించేవాళ్ళలో ఒకడివైపు చూస్తుంది. అతనిది ఏ వంశమో ఆమెకు ఇంకా తెలియదు. మన కెమేరా ఇంతవరకు ఆమె వీపునే చూసింది. మా తొమ్మిదో తరగతి కుర్రవాడు వెతికినది ఆమె ముఖం కోసం.